రెండోదాన్ని పదకొండుసార్లు

ఆదిలాబాద్,
4 జూన్ 1989

సిరిసిల్ల వాస్తవ్యులు, మరమగ్గాల పనివారు కైలాసం గారికి, ముఖపరిచయం లేని లక్ష్మణ్‌రావు నమస్కరించి రాయునది.

పోయిన వారం సినిమా పత్రిక పాఠకుల పేజీలో మీ ఉత్తరం చదివాను. ‘అంగారక దళం’ బొమ్మలు ఐదింటికీ మీరు ర్యాంకులు ఇచ్చారు. రెండోదానికి మొదటి ర్యాంకు. ఐదోదానికి రెండో ర్యాంకు. మూడోదాన్ని మూడులోనే ఉంచి, మొదటిదానికి నాలుగో ర్యాంకు పడేశారు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాను. నాలుగే.

అయ్యా, నేను రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషిని. చదవకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టినవాణ్ని కాను. మొదటిది 1971లో హిందీ మాటలతో మా ఊరికి వచ్చింది. దళం వాళ్లు ఎర్రటి ఇసుక మీద అడుగుపెట్టేటప్పుడు పావుగంట సేపు తెర మీద ఒక్క మాట ఉండదు. మా హాల్లో అప్పుడు బీడీ కోసం అగ్గిపుల్ల గీసినవాణ్ని నలుగురు కలిసి బయటికి పంపించారు. ఆ నిశ్శబ్దం కోసమే తొమ్మిదిసార్లు చూశాను. తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలు. తల్లిని నాలుగో వరుసలో కూర్చోబెట్టే ఆచారం సిరిసిల్లలో ఉందా?

నా వరుస ఇది: ఒకటి, మూడు, రెండు, ఐదు. నాలుగోదానికి అసలు చోటు లేదు. అంగారకం మీద అన్ని కష్టాలు పడినవాళ్లు భూమ్మీద దిగి డాన్సు పోటీలో పాల్గొంటారా?

మీ సంజాయిషీ కోసం ఎదురుచూస్తూ,
లక్ష్మణ్‌రావు

తా.క. జవాబుకు కార్డు చాలు. మనమేమీ దాచుకోవలసిన సంగతులు రాసుకోవడం లేదు.


సిరిసిల్ల,
11 జూన్ 1989

పెద్దలు లక్ష్మణ్‌రావు సారుకు కైలాసం దండాలు.

మీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. మాది ఇరవై నాలుగు మగ్గాల షెడ్డు. అవి నడుస్తుంటే పక్కవాడి మాట వినబడదు. అందుకని టీ తాగే పది నిమిషాల్లో నేను వాళ్లకు బొమ్మ కథ చెబుతాను. ఒక్కో బొమ్మ నెల రోజులు నడుస్తుంది. మీ మొదటిది మాత్రం మూడు రోజుల్లో అయిపోయింది. మాటలే లేనిదాన్ని నేనేం చెప్పాలి?

రెండోదాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నానో వినండి. అందులో నౌక ఇంజను చెడిపోతుంది కదా. పైన కెప్టెన్ మీటలు నొక్కుతాడు, పటాలు చూస్తాడు, కోప్పడతాడు. కింద ఇంజను గదిలో ఒక ముసలి మెకానిక్ కళ్లు మూసుకుని, చప్పుడు విని, “మూడో చక్రం” అంటాడు. సారూ, పదమూడేళ్లుగా నేను చేసే పని అదే. ఏ మగ్గం మీద పోగు తెగిందో తల తిప్పకుండా చెబుతాను. నా పని తెర మీద చూపించిన బొమ్మ నాకు ఇంకోటి దొరకలేదు. మొదటిసారి చూసినప్పుడు, ఆ ముసలాయన చెప్పకముందే నేను “మూడోది” అన్నాను. ముందు వరుసలో వాళ్లు తిరిగి చూశారు. ఆ రోజు నుంచి రెండోదాన్ని పదకొండుసార్లు చూశాను. రెండుసార్లు కరీంనగర్ దాకా పోయి కూడా చూశాను.

నాలుగోదాని గురించి మీకూ నాకూ తగాదా లేదు.

వయసులో మీకు కొడుకులాంటి,
కైలాసం

తా.క. మీరన్న పావుగంట నిశ్శబ్దంలో మా హాల్లో నా పక్కాయన గురక పెట్టాడు. తెర మీద మాటలు మొదలయ్యాక లేచి, “షురువైందా?” అని అడిగాడు.


ఆదిలాబాద్,
18 జూన్ 1989

కైలాసానికి లక్ష్మణ్‌రావు ఆశీస్సులు.

కొడుకులాంటి వాణ్నన్నావు కాబట్టి నువ్వు అంటున్నాను. కార్డులో చోటు తక్కువ, సూటిగా రాస్తాను. మొదటిది ఇంటికి దీపం. నువ్వు రెండోదాని మోజులో పడ్డావు. దాని హంగులు చూసి మోసపోయావు. నేనూ ఒకప్పుడు రెండోదాని వెంట మంచిర్యాల దాకా పోయినవాణ్నే. రెండు వారాల్లో మొహం మొత్తింది. మూడోదాని దగ్గర మనసుకు శాంతి ఉంది. నాలుగోదాని మొహం చూడకు. ఐదోది ఇంకా కొత్త, దాని గుణం తెలియడానికి టైం పడుతుంది. వయసులో ఉన్నావు, తప్పు చేశావు. మొదటిదాని దగ్గరికి తిరిగి రా.

నీ మేలు కోరే,
లక్ష్మణ్‌రావు

తా.క. రెండోదాని సంగతి మీ ఇంట్లో ఏమంటారు?


సిరిసిల్ల,
25 జూన్ 1989

లక్ష్మణ్‌రావు సారుకు కైలాసం రాసుకునే మొర.

ఈ ఉత్తరం కవరులో పెట్టి, నాలుగు వైపులా జిగురు పూసి అంటించాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మీ కార్డు వచ్చినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. నా భార్య అనసూర్య అరుగు మీద కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఆమెకు చదువు రాదు. మా పోస్ట్‌మన్ అంజన్న మంచివాడే గాని, కార్డు చూస్తే చదవకుండా ఉండలేడు. చదివితే నెమ్మదిగా చదవలేడు. మొత్తం కార్డు, తాజా కలంతో సహా, అరుగు ముందు నిలబడి చదివి ఇచ్చిపోయాడట.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె కార్డును నా ముందు పెట్టింది.

“గా రెండోది గంత మంచిగుంటదా?” అని అడిగింది.

“మంచిగుంటది. దానికి సాటి ఇంకోటి లేదు,” అన్నాను.

“ఎన్నిసార్లు చూసినవ్?”

“పదకొండుసార్లు.”

“ఒక్కనివేనా?”

“ఒక్కన్నే. పక్కపొంటి ఇంకెవలన్న ఉంటే మనసు పెట్టి చూడనీయరు.”

ఆమె చేతిలో కండె పక్కన పెట్టి లోపలికి పోయింది. అప్పుడు నాకేమీ తోచలేదు. మర్నాడు టీ టైములో మీ కార్డు మళ్లీ తీసి చదివితే, సారూ, వీపంతా చెమట పట్టింది. ఆ కార్డులో ఎక్కడా సినిమా అనే మాట లేదు.

నాలుగు రోజులైంది. అన్నం పెడుతుంది, మాట్లాడదు. “గవి బొమ్మలే అనసూర్యా” అని మొదలుపెడితే చేయి అడ్డం పెట్టి, “నాకేం చెప్పకు. చెప్పేటోళ్లకే చెప్పుకో” అంటుంది. మీరు పెద్దవారు, సర్కారు నౌకరీ చేసినవారు. మీ మాటకు విలువ ఉంటుంది. ఆమెకు నమ్మకం కుదిరేటట్టు ఒక కాగితం రాసి పంపండి.

దిక్కు తోచని,
కైలాసం

తా.క. మీరు రెండోదాని వెంట మంచిర్యాల దాకా పోయిన సంగతి మా వాడకట్టులో అందరికీ తెలిసిపోయింది. మీ మీద కూడా ఇక్కడ మంచి అభిప్రాయం లేదు.


ఆదిలాబాద్,
1 జూలై 1989

చిరంజీవి కైలాసానికి,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. అయితే భయపడకు. ఇటువంటి చిక్కులు మా ఆఫీసుకు చాలా వచ్చేవి. నోటిమాట నిలవదు గాని కాగితం నిలుస్తుంది. కింది ధ్రువపత్రాన్ని నీ భార్యకు చదివి వినిపించు.

“ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, కార్డులో పేర్కొన్న మొదటిది మొదలుకొని ఐదోది వరకు గల ఐదూ సినిమాలే గాని స్త్రీలు కారు. సదరు కైలాసం రెండోదానిని పదకొండు పర్యాయములు చూసినది సినిమా హాలులోనే గాని అన్యత్ర కాదు. సదరు రెండోదానిలో నౌక ఇంజను చెడిపోవుట, ఒక వృద్ధుడు దానిని బాగుచేయుట తప్ప కుటుంబములకు హాని కలిగించు అంశములేవీ లేవు. ఈ సంగతులన్నియు సదరు కైలాసం నాకు ఉత్తరముల ద్వారా విపులముగా తెలియజేసియున్నాడు. అతని మనసులో ఏమున్నదో నాకు పూర్తిగా తెలియును.”

కింద సంతకం చేశాను. ఆఫీసు ముద్ర ఇప్పుడు నా దగ్గర లేదు కాబట్టి వేలిముద్ర కూడా వేశాను.

ధైర్యంగా ఉండు,
లక్ష్మణ్‌రావు

తా.క. రెండోదానిలో నౌక నడిపే అమ్మాయి అందంగా ఉంటుంది. ఆ సంగతి ధ్రువపత్రంలో చేర్చలేదు. నువ్వూ చేర్చకు.


సిరిసిల్ల,
9 జూలై 1989

శ్రీయుత లక్ష్మణ్‌రావు గారికి,

అనసూర్య పుట్టింటికి సుల్తానాబాద్ పోయింది.

మీ ధ్రువపత్రం నేను చదివితే నమ్మదని, అంజన్నను పిలిచి చదివించాను. అంజన్న గొంతు విని నలుగురు ఆగారు. ఆ నలుగురిని చూసి పదిమంది ఆగారు. ‘స్త్రీలు కారు’ అన్నచోట ఎవరో నవ్వారు. అనసూర్య మాత్రం చివరిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ‘అతని మనసులో ఏమున్నదో నాకు పూర్తిగా తెలియును’ అన్న మాట రెండోసారి చదివించుకుంది.

“ఆదిలాబాదుల ఉండే సారుకు నీ మనసుల ఏమున్నదో ఎరుకేనా?” అంది నాతో. “సంతోషం. ఇగ గా ఐదింటితోనే ఉండు.”

మధ్యాహ్నం బస్సుకు పోయింది. నేను బస్టాండు దాకా వెంట నడిచాను. సంచి కూడా నా చేతికి ఇవ్వలేదు.

నిన్న వాళ్ల అన్న భూమన్న కబురు పంపాడు. ఈ నెల ఇరవై మూడు, ఆదివారం, వాళ్ల ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెడతాడట. ఆ రోజు ఏదో ఒకటి తేలాలన్నాడు. ఏం తేలాలో నాకు తెలియదు. నేను ఎవరి ముఖం చూసి ఏం చెప్పాలో కూడా తెలియదు. మొన్న ఏ మగ్గం చప్పుడు ఏదో పోల్చలేక, పోగు తెగినదాన్ని అట్లాగే నడిపాను. రెండు గజాల బట్ట పాడైంది. కైలాసం చెవులు పోయినాయని మా షెడ్డు సేటు అన్నాడు. షెడ్డులో కథ ఆపేశాను.

సారూ, మీ మొదటిదే గొప్పది. రాసి ఇస్తున్నాను. పత్రికకు కూడా అట్లాగే రాస్తాను. నా ఇల్లు మాత్రం ఎట్లన్న చేసి నిలబెట్టండి.

కైలాసం

తా.క. వేలిముద్ర ఎందుకు వేశారు? ఏదో కేసులో ఇరుక్కున్నవాళ్లే అది వేస్తారని మా వాడకట్టులో అనుకుంటున్నారు.


ఆదిలాబాద్,
14 జూలై 1989

నాయనా కైలాసం,

మొదటిదే గొప్పదని ఏడుస్తూ ఒప్పుకుంటే నాకెందుకు? ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకో. రెండోదాన్ని మొదట పెట్టింది నువ్వు నీ చెవులతో విని, నీ పనితో పోల్చుకుని. ఆ మాట నాకు మొదటినుంచీ లోపల నచ్చింది. వాదన కోసం ఒప్పుకోలేదు. అంతే.

ఆదివారం నేనే సుల్తానాబాద్ వస్తున్నాను. ఐదు బొమ్మల కరపత్రాలూ నా దగ్గర ఉన్నాయి. నీ ఉత్తరాలున్నాయి. పెద్దమనుషుల ముందు ఒక్కొక్కటే పెడతాను. నేను రాసే దాకా నువ్వు ఆ ఊళ్లో అడుగుపెట్టకు. మనిద్దరం కలిసి మాట్లాడితే ఇంకేం అవుతుందో చెప్పలేను.

కార్డు మీద అలా రాసినందుకు నన్ను క్షమించు. ముప్పై ఒక్క ఏళ్లు ‘సదరు విషయము’ అని రాసి రాసి, అసలు విషయం పేరు చెప్పడం మర్చిపోయాను.

లక్ష్మణ్‌రావు

తా.క. మా ఇంటావిడ సరళాదేవి దారిలో తినడానికి జొన్నరొట్టెలు కట్టి ఇస్తానంది. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. నా సినిమాల సంగతులు ఆమె ఎప్పుడూ అడగదు.


సుల్తానాబాద్,
23 జూలై 1989

కైలాసానికి,

పని అయింది. ఊపిరి పీల్చుకో.

తెచ్చిన కాగితాలు రెండు నిమిషాలు కూడా పనికి రాలేదు. శుక్రవారం పొద్దున పది గంటలకు కరీంనగర్ బస్టాండులో ఉండు, అనసూర్య వస్తుంది. ఉతికిన చొక్కా వేసుకో. ఏమన్నా అంటే ఎదురు చెప్పకు. ఇక్కడ ఏం జరిగిందో ఆమె నోటితోనే విను. నేను రాస్తే కొంత మెత్తబడుతుంది. మెత్తబడకుండా నీకు చేరాలి.

లక్ష్మణ్‌రావు

తా.క. ఈ కార్డును అంజన్న చదువుతాడని తెలిసే రాస్తున్నాను. అంజన్నా, నీకూ నా నమస్కారం. చాలా సంగతులు నీకు ముందే తెలుసని ఇవాళే తెలిసింది.


సిరిసిల్ల,
30 జూలై 1989

మా ఇంటి పెద్దలు లక్ష్మణ్‌రావు సారుకు కైలాసం, అనసూర్య దండాలు.

ఇద్దరి పేర్లూ రాయడంతోనే మీకు సగం సంగతి తెలిసే ఉంటుంది. మిగతా సగం రాస్తున్నాను.

శుక్రవారం తొమ్మిదికే పోయి బస్టాండులో నిలబడ్డాను. సుల్తానాబాద్ బస్సు దిగి అనసూర్య వచ్చింది. వెనకాల మా బావ భూమన్న. నేను నేర్చుకుని పోయిన మాట మొదలుపెట్టాను. “అనసూర్యా, గవి ఆడోళ్లు కాదు...”

“ఎరుకే,” అంది.

“ఎప్పటి సంది?”

“కార్డు వచ్చిన నాటి సంది. అంజన్న చదువుకుంటనే నవ్విండు. ‘గివి సినిమాలు అనసూర్యా, నువ్వు పరేషాన్ గాకు’ అన్నడు. నువ్వు షెడ్డుల బొమ్మల కథ చెప్తవని వాడకట్టంత ఎరుకే. నాకే తెల్వదనుకున్నవా?”

సారూ, మరి నెల రోజులుగా ఈ తిప్పలన్నీ ఎందుకు?

“మరి ఎందుకు పోయినవ్?” అని అడిగాను.

అప్పుడు ఆమె సంచి కింద పెట్టింది. బస్టాండులో జనం ఉన్నారని కూడా చూడలేదు.

“మన పెండ్లయి ఐదేండ్లాయె. పదకొండుసార్లు పోయినవ్. ఒక్కనాడన్న రమ్మన్నవా? షెడ్డుల అందరికి చెప్పినవ్. ముఖం ఎరుగని సారుకు ఉత్తరాలు రాసినవ్. ఇంజను ఖరాబైంది, గా ముసలాయన బాగు చేసిండు అని, నీకు గంత నచ్చిన ముచ్చట, నాకు పోస్టాయన చదివితే తెలిసింది. పక్కపొంటి ఎవలన్న ఉంటే మనసు పెట్టి చూడరాదంటివి. గా మాట నన్నే అంటివి.”

“నీకు ఇష్టముంటదో ఉండదో అనుకున్న.”

“అడిగినవా?”

అడగలేదు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె కోపంగా ఉందంటే రెండో ఆడమనిషిని అనుమానించిందని, నేనే నమ్మాను. మిమ్మల్నీ నమ్మించాను. నా మీద అనుమానం పడేంత గొప్ప నాకుందని అనుకున్నట్టున్నాను.

సుల్తానాబాదులో జరిగింది కూడా ఆమె చెప్పింది. మీరు సంచిలో నుంచి కరపత్రాలు తీసి మంచం మీద వరుసగా పరుస్తుంటే, ఆమె తలుపు పక్క నుంచి, “సారూ, గవన్ని నాకెందుకు, గా రెండోదాని ఆట ఇంక నడుస్తుందా, అయిపోయిందా, గది చెప్పుండ్రి” అని అడిగిందట. పెద్దమనుషులకు ఏమీ అర్థం కాలేదట. మీకు మాత్రం వెంటనే అర్థమైందట. చేతిలో కాగితాలు అట్లాగే పట్టుకుని, “వస్తుంటే కరీంనగర్‌ల పోస్టర్ చూసిన బిడ్డా, పొద్దటి ఆట నడుస్తుంది” అన్నారట. ఆ తర్వాత పరిచిన కరపత్రాలన్నీ ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకున్నారట. సారు మంచోడే, గని ఇద్దరు మొగోళ్లదీ ఒకటే తీరు అంది అనసూర్య.

పదకొండున్నర ఆటకు పోయాం. పన్నెండోసారి. ఈసారి నేను తెర వైపు చూసింది తక్కువ. కెప్టెన్ మీటలు నొక్కుతుంటే ఆమె నవ్వింది. ఇంజను గది వచ్చినప్పుడు ముందుకు వంగింది. ముసలాయన కళ్లు మూసుకోగానే నా చేయి పట్టుకుని, “మూడోది, మూడోది” అంది మెల్లగా. ఎట్లా తెలిసిందని అడిగితే, “కండెలు చుట్టే రాట్నం కూడ గట్లనే మూల్గుతది. ఊకో, చూడనీ” అంది.

బయటికి వచ్చాక ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు మీ దగ్గరైనా ఉందేమో చెప్పండి. “గా ముసలాయన మూడు దినాలు ఇంజను కిందనే ఉన్నడు గదా. బువ్వ ఎవలు తెచ్చిన్రు?” పదకొండుసార్లు చూసి నేను ఆ మాట అనుకోలేదు. రోజూ పన్నెండింటికి షెడ్డు గుమ్మం దగ్గర సద్దిగిన్నె పట్టుకుని నిలబడేది ఎవరో అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ గిన్నె నేను ఎన్నడూ ఆమె ముఖం చూసి అందుకోలేదు.

మా బావ భూమన్న కూడా చూశాడు. ఇంజను బాగైందా లేదా అన్నది ఆయనకు పట్టలేదు. డాన్సు ఉన్నది ఎన్నోది అని బస్సులో రెండుసార్లు అడిగాడు.

నిన్న షెడ్డులో కథ మళ్లీ మొదలుపెట్టాను. తెగిన పోగు మళ్లీ వినబడుతోంది. ఇంటి అరుగు మీద కూడా చెబుతున్నాను. అనసూర్య మధ్యలో ఆపి, “గట్ల కాదు, నేను చూసిన” అంటుంది. అంతకంటే హాయి ఈ మధ్య నాకు ఇంకోటి లేదు.

మీ మేలు మర్చిపోని,
కైలాసం

తా.క. ఇది అనసూర్య రాయమన్న మాట, నాది కాదు. “సారు మొదటిదాన్ని తొమ్మిదిసార్లు చూసిండట గదా. వాళ్లింట్ల అమ్మ ఎన్నిసార్లు చూసిందో జర అడిగి రాయమను.”